అద్దాలాయన బిగించిన విమానం

ఇంటి ముందుగదిలోనే కళ్ళజోళ్ళు బాగుచేసే అద్దాలాయనకి జీవితంలో ఒకే ఒక్క గర్వం ఉండేది. మనిషి మెతక. ఎదుటివాడు గొంతు పెంచితే తన గొంతు తగ్గించుకునే రకం. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరేమన్నా పడేవాడు కాదు. ఎన్ని జోళ్ళు విప్పినా, ఎన్ని బిగించినా, ఆయన బల్ల మీదున్న తెల్ల పింగాణీ పళ్ళెంలో ఒక్క స్క్రూ మిగిలిన పాపాన పోలేదు. "మిగిలిందంటే ఎక్కడో లోటున్నట్టే" అనేవాడు, భూతద్దం కంటికి తగిలించుకుంటూ.

ఆ గర్వంతో ఆటలాడే హక్కు ఒక్కడికే ఉండేది, ఆయన బావమరిదికి. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం వాడిది. పగలంతా వీధులు కాళ్ళతో కొలిచి, సాయంత్రం వెనక సందులోంచి వచ్చి తలుపు రెండుసార్లు టకటకమనిపించేవాడు. తలుపు తీసే ఉన్నా సరే, ఆ రెండు దెబ్బలూ పడాల్సిందే. లోపలికొచ్చి, చొక్కా బొత్తాం ఒకటి పళ్ళెంలో పడేసి, "మిగిలింది బావా! ఎవరి ముక్కు మీంచో జోడు ఊడిపోతూ ఉంటుంది, పరిగెత్తు" అనేవాడు. అద్దాలాయన పైకి విసుక్కునేవాడు. వాడు రాని సాయంత్రం మాత్రం తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ వెనక తలుపు వైపు చూస్తుండేవాడు.

వాడికి పెళ్ళీ పెటాకులూ లేవు. ఉన్నట్టుండి రిమోటుతో ఎగిరే బ్యాటరీ విమానం ఒకటి కొన్నాడు. తెల్లటి ఫోముతో చేసినది, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం. అప్పట్నుంచి వీధిలో వాడి పేరు పైలట్టు. "ఎక్కడ ఎగరేస్తావురా?" అని అక్క అడిగితే, "చెబితే గొడుగేసుకుని వెనకాలే వచ్చేస్తావు. నేలా ఆకాశం రెండూ ఖాళీగా ఉన్న చోటు ఒకటి పట్టాన్లే" అనేవాడు.

ఒక సెలవు రోజు పొద్దున పైలట్టు బయటికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఫోను మూగబోయింది. ఆసుపత్రులు చూశారు, బస్టాండులో ఫోటో చూపించారు, వాడితో పనిచేసేవాళ్ళని అడిగారు. జాడ తెలీలేదు. పోలీసులు కొన్నాళ్ళు తిరిగి, "పెళ్ళికాని మనిషి కదా, ఎటో వెళ్ళుంటాడు, వాడే వస్తాడు" అని చేతులు దులుపుకున్నారు. వానలొచ్చాయి, పోయాయి. అక్క వెనక తలుపుకి గడియ పెట్టడం మానేసింది. గాలికి ఆ తలుపు కొట్టుకున్నప్పుడల్లా ఆవిడ చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి వెళ్ళి చూసొచ్చేది.

"ఉన్నాడంటే ఎదురుచూస్తాను. లేడంటే ఏడుస్తాను. రెండూ కాకుండా ఇలా ఎలా బతకమంటారండీ?" అని ఒకరోజు మొగుణ్ణి నిలదీసింది. ఆవిడకి నిజం కావాలి, అది ఎంత చెడ్డదైనా సరే. ఆయనకీ అదే కావాలి, కానీ ఆ మాట పైకి అనాలంటే భయం.

అలాంటి రోజుల్లో దుకాణం ఫోను మోగింది. అవతల బొమ్మ విమానాలు అమ్మే షాపాయన. బట్టతల, పెద్ద గొంతు, పరిచయం లేనివాళ్ళతో కూడా పాత స్నేహితుడిలా మాట్లాడే అలవాటు.

"మీ కళ్ళజోడు డబ్బా మీద నంబరుంటే చేస్తున్నాను సార్. ఆ డబ్బాలోనే స్క్రూలు పెట్టి విమానం రిపేరుకిచ్చాడొకాయన. తోక విరిగింది. విరిగిన ముక్క తెస్తే అతికిస్తానన్నాను. రేపు వెతికి తెస్తానని వెళ్ళిన మనిషి, ఇంతవరకూ పత్తా లేడు. ఫోను చేస్తే పలకదు. చివరికి నేనే కొత్త తోక తెప్పించాను."

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉన్నపళంగా వెళ్ళారు. సంగతి విని షాపాయన ముఖం పాలిపోయింది. ముక్క తెమ్మన్నది తనే కదా. ఆ ముక్క కోసం ఎక్కడికి వెళ్ళాడన్నది మాత్రం ఆయనకీ తెలీదు.

"ఎక్కడ ఎగరేసేవాడో ఎప్పుడైనా అన్నాడా?" అని అద్దాలాయన అడిగాడు.

"వీళ్ళెవరూ చెప్పరు సార్. మంచి జాగా దొరికిందంటే కన్నతల్లికి కూడా చెప్పరు." బట్టతల రుద్దుకున్నాడు షాపాయన. "కానీ దానికి తెలిసుండాలి."

"దేనికి?"

"విమానానికి." రిమోటు తీసి ఒక ఎర్ర బటన్ చూపించాడు. "కొత్తవాళ్ళ చేతుల్లోంచి విమానం జారిపోతే ఇది నొక్కాలి. బయల్దేరిన చోటికి అదే తిరిగొచ్చేస్తుంది. ఎగరేసే ముందు ఇదే బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే, కొత్త చోటు గుర్తుపెట్టుకుంటుంది. మర్చిపోతే పాత చోటే దాని బుర్రలో ఉంటుంది. అలా మర్చిపోయి విమానాలు పోగొట్టుకున్నవాళ్ళు బోలెడు మంది."

అక్క ఆ బటన్ వంకే చూస్తోంది. "అయితే, నొక్కి పట్టుకోకుండా ఎగరేస్తే?"

పాత చోటికే పోతుందన్నట్టు షాపాయన తలూపాడు. పైన కట్టిన విమానాలు ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతున్నాయి.

తను వచ్చి ఎగరేస్తానన్నాడు షాపాయన. ఆవిడ ఒప్పుకోలేదు. "పరాయివాళ్ళు వద్దండీ. వాడి దగ్గరికి వెళ్ళేది మేమే" అంది. దాంతో అద్దాలాయన కౌంటరు దగ్గర నిలబడి, ఎగరని విమానాన్ని ఎగరేస్తున్నట్టు రిమోటు పుల్లలు తిప్పడం నేర్చుకున్నాడు. ఎడం పుల్లతో వేగం, కుడి పుల్లతో దారి. విమానం మనకెదురుగా వస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమవుతుంది, అక్కడే అందరూ బోల్తా పడతారు. ఏమీ తోచకపోతే పుల్లలు వదిలెయ్యాలి, అదే సర్దుకుంటుంది. ఇలా బోలెడు చెప్పి, ఆ కళ్ళజోడు డబ్బాతో సహా విడిభాగాలు పెట్టెలో సర్దిచ్చాడు. "చేతిలో పనున్న మనిషి మీరు, ఇట్టే బిగించేస్తారు. చివర్లో ఓ ముక్క మిగిలినా కంగారుపడకండి. కంపెనీవాళ్ళు ఎప్పుడూ ఒకటి ఎక్కువే వేస్తారు" అని నవ్వాడు కూడా. ఆ నవ్వులాట ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

కళ్ళజోళ్ళు పక్కకి జరిపి బల్ల మీద విమానం పరిచాడు అద్దాలాయన. రెక్కలు రెండింటి మధ్యా నల్లటి గొట్టం దూర్చి కలిపాడు. మొండెం పాతది, ఎండకి కాస్త పసుపెక్కింది. తోక కొత్తది, పాలలా తెల్లగా ఉంది. తోక మీది రేకుల్ని ఆడించే సన్నటి ఉక్కు కడ్డీలు తగిలించాడు. ముక్కు దగ్గర ప్రొపెల్లరు బిగించాడు. రెక్కల అడుగున చిన్న బొడిపెలు రెండుంటాయి. అక్కడ చూపుడువేళ్ళు ఆనించి లేపితే విమానం తూగకుండా నిలబడాలి. బ్యాటరీ కాస్త ముందుకి జరిపితే నిలబడింది. ఆయన వేళ్ళ మీద అది బరువు లేనట్టు కూర్చుని ఉంటే, పైలట్టు వేళ్ళ మీద కూడా ఇలాగే కూర్చుని ఉంటుంది కదా అనిపించింది.

అన్నీ అయ్యాక కళ్ళజోడు డబ్బాలో ఒకటి మిగిలింది. నల్లటి చదరపు బిళ్ళ, బొటనవేలి గోరంత. దానికి ఎలక తోకలా ఒక తీగ. భూతద్దం పెట్టుకుని విమానం పొట్టలోకి చూశాడు. ఖాళీ గుంటలేవీ కనిపించలేదు. షాపాయనకి ఫోను చేద్దామనుకున్నాడు. ఇన్నేళ్ళ గర్వం నోరు నొక్కేసింది. ఎక్కువ వేస్తారని ఆయనే అన్నాడుగా అని సర్దిచెప్పుకుని, బిళ్ళని పింగాణీ పళ్ళెంలో పడేశాడు.

టీ తెచ్చిన పెళ్ళాం పళ్ళెం వంక చూసింది. "మిగిలింది బావా!" అంది, అచ్చం తమ్ముడి గొంతుతో. అనేశాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

ముందు రిమోటు స్విచ్చి వెయ్యాలి, తర్వాతే బ్యాటరీ తగిలించాలి. అలాగే చేశాడు. తోక రేకులు టక్, టక్ మని కొట్టుకుని ఆగాయి. నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు ఒకసారి కదులుతాయని చెప్పాడు షాపాయన. ఇవి రెండుసార్లు కదిలాయి. తీసి మళ్ళీ తగిలించాడు. మళ్ళీ రెండే. అక్క వెనక తలుపు వైపు తిరిగి చూసింది. అక్కడెవరూ లేరు.

బల్ల మీద చోటు చాలక విమానాన్ని పైనున్న కొక్కేనికి దారంతో వేలాడదీశారు. పొద్దున లేచి చూస్తే దాని ముక్కు కుళాయి ఉన్న గోడ వైపు ఉంది. పనికి అడ్డమని అద్దాలాయన వీధి వైపు తిప్పాడు. కాసేపట్లో అది మెల్లగా తిరిగి మళ్ళీ కుళాయి గోడ వైపే నిలబడింది. దారం మెలిక పడిందనుకుని దారం మార్చాడు. ఫ్యాను ఆపాడు. కిటికీ మూశాడు. అయినా దాని ధోరణి దానిదే.

పెళ్ళాం ఆ గోడకెదురుగా నిలబడి, "దీని అవతల ఏముందండీ?" అని అడిగింది.

"సందు."

"సందు అవతల?"

"ఇళ్ళు."

"ఆ తర్వాత?"

ఆయన చేతికందిన జోడు తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

గాలి లేని ఒక పొద్దున, ఊరి చివర ఖాళీ స్థలాలకి స్కూటరు మీద వెళ్ళారు. పలచగా మంచు ఉంది. ఎగిరేదాకా ఎర్ర బటన్ జోలికి పోవద్దని, పోతే పాత చోటు చెరిగిపోతుందని దారి పొడుగునా ఆవిడ చెబుతూనే ఉంది. ఆయన రిమోటు పట్టుకున్నాడు, ఆవిడ విమానాన్ని పట్టుకుని నిలబడింది. ప్రొపెల్లరు జుమ్మని తిరగ్గానే కాగితం విమానం విసిరినట్టు తిన్నగా ముందుకి వదిలింది. అది ఒకసారి కుంగి, తేరుకుని, కుట్టుమిషను చప్పుడు చేసుకుంటూ పైకి లేచింది. అద్దాలాయనకి ప్రాణం లేచొచ్చింది. ఎగిరింది! ఆయన చేత్తో ఎగిరింది! ఆ సంతోషానికి వెంటనే సిగ్గుపడ్డాడు కూడా.

దూరంగా వెళ్ళి తిరిగి ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారయ్యాయి. ఆయన ఒకటి నొక్కితే అది ఒకటి చేసింది. రెక్క వాలి నేల వైపు దూసుకొచ్చింది. "అటు కాదండీ, అటు కాదు!" అని ఆవిడ కేక పెట్టింది. ఆయన పుల్లలు వదిలేశాడు. విమానం తనంతట తనే రెక్కలు సర్దుకుంది.

"ఇంక నొక్కండి" అంది ఆవిడ.

ఆయన ఎర్ర బటన్ నొక్కాడు.

విమానం వాళ్ళ నెత్తి మీద ఒక చుట్టు చుట్టింది. రెండో చుట్టు సగంలో ఆగి, దారి తెలిసిన మనిషిలా తిన్నగా బయల్దేరింది. వాళ్ళ వైపు కాదు. వాళ్ళింటి కుళాయి గోడ ఏ దిక్కుని చూస్తుందో ఆ దిక్కుకి.

స్కూటరు ఆవిడే నడిపింది. వెనక ఆయన, రిమోటు నెత్తి మీద పెట్టుకుని, ముఖం ఆకాశానికెత్తి, "ఎడమకి... తిన్నగా... ఇంకా తిన్నగా" అంటూ దారి చెప్పాడు. పాలవాళ్ళూ పేపర్లవాళ్ళూ ఆగి చూశారు. మరో రోజైతే ఆ వాలకానికి ఆయనే ముందు నవ్వేవాడు. ఇళ్ళు పలచబడ్డాయి. రోడ్డు మట్టిబాట అయింది. ఆ బాట చివర, ఎప్పుడో మూతపడ్డ నూలు మిల్లు కనిపించింది. గేటుకి గొలుసూ తాళమూ. లోపల పొడుగాటి రేకుల షెడ్లు, వాటి మధ్య పెద్ద ఖాళీ జాగా. నేలా ఆకాశం రెండూ ఖాళీ. ఇక్కడ మీటరు చూసే పని ఒకప్పుడు పైలట్టుదేనని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

విమానం ఒక షెడ్డు మీదే తిరుగుతోంది. వాళ్ళు కూలిన గోడ సందులోంచి లోపలికి దూరేదాకా తిరుగుతూనే ఉంది. తర్వాత రెక్కలు ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి వాల్చింది. మోటారు ఆగిపోయింది. ఆయన పుల్లల మీద వేలు కూడా పెట్టలేదు. అది చప్పుడు లేకుండా జారుతూ వచ్చి, షెడ్డు కప్పులో పగిలిన రేకు మధ్య కన్నంలోంచి లోపలికి దిగిపోయింది.

షెడ్డు తలుపు తోసింది ఆవిడే. లోపల చీకటి. కన్నంలోంచి పడే వెలుతురు నేల మీద ఒక్కచోటే ఉంది. ఆ వెలుతురులో విమానం పొట్ట మీద కూర్చుని ఉంది, ఒక్క గీత పడకుండా. దాని పక్కనే పైలట్టు.

వానలూ రోజులూ మిగిల్చినంతవరకే మిగిలాడు. బూట్లు వాడివి. భుజానికున్న ఉద్యోగపు సంచీ వాడిది. గుప్పిట్లో తెల్లటి ఫోము ముక్క ఉంది, పాత తోకలో విరిగిన సగం. కప్పు మీద పడ్డ దాన్ని అందుకోవడానికి ఎక్కాడు. అందుకున్నాడు కూడా. రేకు ఆగలేదు, అంతే.

ఆవిడ అరవలేదు. తమ్ముడి పక్కన కూర్చుని, వాడి సంచీ మీద దుమ్ము కొంగుతో తుడిచింది. "దొరికావురా నాన్నా" అంది. ఎన్నాళ్ళగానో బిగబట్టిన ఏడుపు అప్పుడొచ్చింది. అద్దాలాయన గుమ్మం దగ్గరే కూలబడి, రిమోటు గుండెకి హత్తుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

జరగాల్సినవన్నీ జరిగిపోయాయి. చేతులు దులుపుకున్న పోలీసులే వచ్చి, విమానం భలే పని చేసిందని మెచ్చుకుని వెళ్ళారు. అంతా అయిన సాయంత్రం ఆవిడ వెనక తలుపు మూసి, తనే గడియ పెట్టింది. ఆ రాత్రి కళ్ళు మూసుకుని నిద్రపోయింది. విమానాన్ని మళ్ళీ అదే కొక్కేనికి వేలాడదీశారు. ఇప్పుడది ఏ గాలి వీస్తే ఆ గాలికి, ఎటు పడితే అటు తిరుగుతోంది. ఇంట్లో దిగులుంది కానీ, భయం పోయింది.

కొన్నాళ్ళకి పలకరించడానికి షాపాయన వచ్చాడు. ఆ పెద్ద గొంతు ఇప్పుడు సగమైంది. బల్ల పక్కన కూర్చుని, టీ తాగుతూ, మాటల మధ్య పింగాణీ పళ్ళెంలో చూపు పడి ఆగిపోయాడు. నల్లటి బిళ్ళని రెండు వేళ్ళతో పైకి తీశాడు.

"ఇదేంటి సార్, ఇక్కడుంది?"

"అదేనండీ. బిగించాక మిగిలింది. మీరన్నారుగా, ఎక్కువ వేస్తారని..."

"ఇది ఎక్కువది కాదు సార్. పాత తోక ఊడదీస్తూ నేనే విప్పి ఆ డబ్బాలో పెట్టాను." షాపాయన టీ కప్పు కింద పెట్టేశాడు. "తనెక్కడుందో విమానానికి చెప్పేది ఇదే. ఇది లేకపోతే విమానం ఎగురుతుంది, అంతే. దానికి పాత చోటూ తెలీదు, కొత్త చోటూ తెలీదు. ఆ బటన్ నొక్కినా ఏమీ జరగదు."

"మేం చూశాం కదండీ! నొక్కగానే తిరిగింది. తిన్నగా అక్కడికే..."

"అదే నాకూ అర్థం కావట్లేదు సార్" అన్నాడు షాపాయన. బిళ్ళని జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టేసి, వేళ్ళు చొక్కాకి తుడుచుకున్నాడు. టీ సగంలోనే వదిలేసి వెళ్ళిపోయాడు.

అద్దాలాయన పనిలో మొదటిసారి లోటు జరిగింది. ఆ లోటులోకి ఎవరో వచ్చి కూర్చుని, దారి చూపించి వెళ్ళారు. తలెత్తితే వంటింటి గుమ్మంలో పెళ్ళాం నిలబడి ఉంది. అంతా వింది. ఆవిడ ముఖంలో భయమనేదే లేదు. వెనక్కి తిరిగి, వెనక తలుపు దగ్గరికెళ్ళి, గడియ తీసేసింది.

మర్నాడు పొద్దున ఆ తలుపు గాలికి కొట్టుకుంటోంది. అద్దాలాయన లేచి వెళ్ళాడు. గడియ పెట్టలేదు. తలుపు మూసుకుపోకుండా కింద సందులో ఒక చెక్కముక్క దూర్చి, వచ్చి పనిలో కూర్చున్నాడు.